ఏడవనాటి విశ్రాంతి

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి మేము చెప్పు మాటలు మీకు కంఠస్థమై యుండును. పిల్లలను క్రమము తప్పక బడికి పంపుడు, ఇంట తెలుగు మాట్లాడుడు, సాయంకాలము దగ్గర కూర్చుండి చదివింపుడు అని చెప్పుచుందుము. ఈ యేడు అందుకు భిన్నముగా, పిల్లలు ఎప్పుడు చదువకూడదో చెప్పుటకు నిలిచితిమి. ప్రధానోపాధ్యాయుని నోట ఇట్టి మాట వింతగా తోపవచ్చును. ఈ మాటను మేము మీలో ఒక తండ్రివలన నేర్చుకొంటిమి. నేర్చుకొన్న విధము మాకు గౌరవము తెచ్చునది కాదు. ఐనను దానితోనే ఆరంభించెదము.

గత సంవత్సరము దీపావళి సెలవులు ముగిసిన పిదప, పదవ తరగతివారికి ఆదివారములందును ప్రత్యేక తరగతులు నడుపవలెనని మేమే నిర్ణయించితిమి. ఉదయము 8 గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నము 1 గంటకు ముగించుచుంటిమి. ఎవరును ఆక్షేపింపలేదు, మీలో పలువురు సంతోషించిరి కూడ. ఒక బాలుడు మాత్రము వరుసగా మూడు ఆదివారములు రాలేదు. సోమవారమున అతనిని తరగతిలో అందరి యెదుట నిలువబెట్టి, "నీ ఒక్కనికే చదువు అక్కరలేదా?" అని గద్దించితిమి. బాలుడు తలవంచుకొనెనే గాని బదులు చెప్పలేదు. తండ్రిని పిలువనంపితిమి.

ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. ఒంగోలు ప్రాంతమునుండి ఉద్యోగరీత్యా నాందేడునకు వచ్చినవాడు. రాత్రి డ్యూటీ ముగించుకొని, మాసిన చొక్కాతోనే వచ్చి మా గది గుమ్మమువద్ద నిలిచెను. కూర్చుండుడని చెప్పినను కూర్చుండలేదు. "అయ్యా, ఆదివారం మేం గుడికి పోతాం. గుడి అయినాక వాడు ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటాడు, సాయంత్రం ఆడుకుంటాడు. ఆ రోజు పుస్తకం ముట్టుకోవద్దని నేనే చెప్పాను. తప్పుంటే నాది, వాడిది కాదు" అని చెప్పెను. ఆయన గుడి యన్నది చర్చి. మేము కొంచెము ఎగతాళిగానే, "పరీక్షలు దగ్గరపడినవి గదా! చదువుకొనువానిపై మీ దేవుడు కోపించునా?" అని అడిగితిమి.

ఆయన నొచ్చుకొనలేదు. "కోపం సంగతి కాదయ్యా. మా ముత్తాతల కాలంలో వారంలో ఒక్క రోజైనా వాళ్లది కాదు. ఆదివారం పనికి రామన్నందుకు దెబ్బలు తిన్నారని మా నాయనమ్మ చెప్పేది. దెబ్బలు తిని సంపాదించిన రోజు అది. దాన్ని నేను ఊరికే ఎట్టా ఇచ్చేది?" అనెను.

ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేకపోయెను. "సరే, వెళ్లి రండి" అని పంపివైచితిమి. పిదప అది మమ్ము విడువలేదు. మేము ఆ మతమునకు చెందినవారము కాము. అయినను విద్యార్థివలె కూర్చుండి, బైబిలు గ్రంథమును, ఒంగోలు మిషను చరిత్రను, మన మహారాష్ట్ర కార్మికుల చరిత్రను చదివితిమి. చదివి గ్రహించినదానిని ఈ దినమున మీకు నివేదించుచున్నాము.

మొదట ఒంగోలు సంగతి. అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1865 లో నెల్లూరునకు వచ్చి, మరుసటి యేడు ఒంగోలున కాపురము పెట్టెను. 1867 జనవరి 1 న ఎనిమిదిమంది సభ్యులతో అచ్చట సంఘ మేర్పడెను. తోళ్ల వర్తకము చేయుచుండిన యెర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద ఆ మతమును స్వీకరించి, తనవారికి బోధించెను. ఆయన వెనుక పల్లెలనుండి అనేక కుటుంబములు వచ్చినవి. వచ్చినవారు పాటింపవలసిన నియమములు ముఖ్యముగా మూడు. విగ్రహములను పూజింపరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, ఆదివారమున పని చేయరాదు.

ఈ మూటిలో కడపటిది అన్నిటికన్న సులభమని మనకు తోచును. సెలవు తీసికొనుట కష్టమా? కాని ఆ కాలపు పల్లెను ఒకపరి తలచుకొనుడు. మోటకు తోలుబొక్కెన కుట్టవలసినవాడు అతడే, చెప్పులు కుట్టవలసినవాడు అతడే, కోతలకును కళ్లమునకును రావలసినవాడు అతడే, పండుగనాడు డప్పు కొట్టవలసినవాడును అతడే. పిలిచినప్పుడు పోవలెను. రాననుటకు వానికి దిన మేదియు లేదు. పంట కోతకు వచ్చినప్పుడు ఆదివారమని ఆగునా? పని మానినవానికి కూలిగింజలు ఎవరిత్తురు? కావున ఆదివారము పనికి రామని చెప్పుటతో ఊరిపెద్దలకును ఈ కూలివాండ్రకును ఘర్షణ పుట్టెను. కొందరు దెబ్బలు తినిరి. కొందరికి పనియు కూలియు పోయినవి. అయినను వారు ఆ దినమును విడువలేదు. ఆ తండ్రి నాయనమ్మ చెప్పినది కట్టుకథ కాదు.

ఇందొక విశేషము కలదు. క్రీ.శ. 321 లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైను ఆదివారమున న్యాయాధిపతులును, నగరవాసులును, చేతిపనులవారును విశ్రమింపవలెనని శాసించెను. కాని అదను తప్పునను కారణమున, సేద్యము చేయువారు మాత్రము ఆ దినమున పని చేసికొనవచ్చునని అందులోనే వ్రాయించెను. చక్రవర్తి సేద్యపు పనివారికి ఇయ్యని దినమును, పదునైదు శతాబ్దుల తరువాత మన తెలుగు పల్లెల కూలివాండ్రు ఎవరు ఇయ్యకయే తీసికొనిరి.

వారికి ఆ ధైర్యమెట్లు కలిగెను? దీనికి జవాబు బైబిలు గ్రంథములోనే మాకు కనబడెను. ఏడవ దినమున విశ్రమింపుడను ఆజ్ఞ అందులో రెండు చోట్ల కలదు. నిర్గమకాండములో చెప్పిన కారణము సృష్టికి సంబంధించినది: దేవుడు ఆరు దినములు సృష్టి చేసి ఏడవనాడు విశ్రమించెను. ద్వితీయోపదేశకాండములో చెప్పిన కారణము వేరు. మీరు ఐగుప్తు దేశమున దాసులై యుంటిరి. ఆ సంగతి మరువకుడు. కావున మీరును, మీ కుమారులును, కుమార్తెలును, దాసదాసీలును, ఎద్దును, గాడిదయు, మీ యింటనున్న పరదేశియు విశ్రమింపవలెను అని దాని భావము. అనగా విశ్రాంతి స్వతంత్రుని గురుతు. దాసునికి అది లేదు. విడుదల పొందినవానికి మొట్టమొదట కలిగినది తనదియగు ఒక దినము. ఒంగోలు పల్లెలవారికి ఈ భావమును ఎవరును విడమరచి చెప్పనక్కరలేదు. వారి బ్రదుకే దానికి వ్యాఖ్యానము.

అదే నిర్గమకాండములో ఇంకొక కథ కలదు. దానిని చదివినప్పుడు మేము సిగ్గుపడితిమి. ఇటుకలు చేయు దాసులు తమ దేవుని ఆరాధించుటకు కొన్ని దినముల సెలవు కోరిరి. రాజు కోపించి, వీరు సోమరులు, అందుకే సెలవు కోరుచున్నారని పలికి, ఇక వీరికి గడ్డి ఇయ్యకుడు, తామే ఏరుకొందురు గాక, ఇటుకల లెక్కలో మాత్రము ఒక్కటియు తగ్గరాదని ఆజ్ఞాపించెను. తల్లులారా, తండ్రులారా, మేము పదవ తరగతి పిల్లలపట్ల చేసినది ఇంతే కాదా? నిద్ర తగ్గించితిమి, ఆట తగ్గించితిమి, ఆదివారము తీసివైచితిమి. మార్కుల లెక్క మాత్రము తగ్గరాదంటిమి. తగ్గినప్పుడు సోమరులని పేరు పెట్టితిమి.

మేము ఆ కాలమున తరగతులలో చూచినదానిని దాపరికము లేక చెప్పవలెను. పుష్యమాసము వచ్చునప్పటికి పిల్లల కన్నులలో వెలుగు తగ్గెను. చురుకైనవారే పలుకరించిన పలుకనివారైరి. పూర్వము తప్పు చేసినప్పుడు నొచ్చుకొనెడి బాలిక, ఇప్పుడు తప్పైనను ఒప్పైనను ఒకే విధముగా చూచుచుండెను. వచ్చిన పాఠమే మరల మరచుచుండిరి. మాలోను అట్టి మార్పే కలిగెను. ముప్పది యేండ్లుగా చెప్పుచున్న పాఠము నడుమ మాట తోపక నిలిచిపోయితిమి. ఇంటికి పోయి, కారణము లేకయే ఇంటివారిపై విసుగుకొంటిమి.

దీనికి వైద్యులు బర్నౌట్ అను పేరు వాడుచున్నారు. 1974 లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను న్యూయార్కు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఉచిత వైద్యశాలలో సేవ చేయుచు అలసిపోయినవారిని గురించి వ్రాయుచు ఈ మాటను ప్రచారములోనికి తెచ్చెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో దీనిని తన వర్గీకరణములో చేర్చి, దీనిని రోగమని గాక, ఉద్యోగమున చాలకాలము అణగని ఒత్తిడివలన కలుగు స్థితియని పేర్కొని, మూడు లక్షణములు చెప్పెను. శక్తి యుడిగిపోవుట మొదటిది. పనిపై మనసు విరిగి విముఖత కలుగుట రెండవది. పనితనము తగ్గుట మూడవది. ఆ వర్గీకరణము ఉద్యోగములకే పరిమితము. అయినను ఆ మూడు లక్షణములును మా పదవ తరగతి బల్లలమీద మాకు కనబడినవి. మన భాషలో చెప్పవలెనన్న, చమురు నిండుకొన్న ప్రమిదలో వత్తి తన్ను తానే కాల్చుకొనుట వంటిదిది. కొంతసేపు వెలుగు ఎక్కువగానే కనబడును. అది చూచి మనము సంతోషింతుము.

ఇట్టి స్థితి దైవభక్తి గలవారికి రాదని కొందరందురు. అది నిజము కాదు. రాజుల మొదటి గ్రంథములో ఏలీయా ప్రవక్త కథ కలదు. గొప్ప కార్యము చేసి గెలిచిన వెంటనే ఆయన ధైర్యము కోల్పోయి, ఎడారిలోనికి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూలబడి, నాకు చావు వచ్చిన చాలునని ప్రార్థించెను. అప్పుడు దేవదూత వచ్చి ఏమి చేసెను? మేమైనచో, ధైర్యము విడువరాదని ఒక గంటసేపు ఉపన్యసించి యుందుము. దూత ఉపన్యసింపలేదు. ఆయనను నిద్రపోనిచ్చెను. లేపి, రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. రెండవమారు లేపి మరల తినిపించెను. ఆ తరువాతనే ప్రయాణము, ఆ తరువాతనే దైవవాక్కు. అలసినవానికి మొదట కావలసినది నిద్రయు అన్నమునని ఆ గ్రంథము ఎంత సూటిగా చెప్పినదో చూడుడు.

మార్కు సువార్తలో యేసుక్రీస్తు చరిత్రమందును ఇట్టివే కనబడును. శిష్యులు ఊరూర తిరిగి బోధించి వచ్చినప్పుడు, వచ్చిపోవు జనులవలన వారికి అన్నము తినుటకును తీరిక లేకపోయెను. ఆయన వారిని ఏకాంతమునకు రండు, కొంచెము అలసట తీర్చుకొనుడని పిలిచెను. ఆయనయు, తుపానులో పడవ ఊగుచుండగా తలగడమీద తలవాల్చి నిద్రించెను. ఐతే, విశ్రాంతిని కూడ ఒక బరువుగా మార్చి, ఆకలిగొని వెన్నులు త్రుంచుకొన్న శిష్యులను తప్పుపట్టినవారికి ఆయన, ఆ దినము మనుష్యునికొరకే గాని మనుష్యుడు ఆ దినముకొరకు కాడను భావమున బదులు చెప్పెను. కావున ఇది కఠిన నియమముల విషయము కాదు. కరుణకు సంబంధించిన విషయము.

నేటి క్రైస్తవ కుటుంబములలో సయితము ఈ దినము అందరికిని సమానముగా దక్కుటలేదు. పాస్టరుగారికి ఆదివారమే పని ఎక్కువ. ఉదయమొక ఆరాధన, సాయంత్రమొక కూటము, నడుమ రోగుల పరామర్శ. అందరికి విశ్రాంతిని బోధించువానికే విశ్రాంతి లేదు. అట్టివారికి వారములో మరియొక దినము విడువవలసిన బాధ్యత సంఘస్థులది. ఉపాధ్యాయులకు, వైద్యులకు, దాదులకు కూడ ఈ మాట వర్తించును.

ఇది ఒక మతమువారి సొత్తని మీరు తలపరాదు. మన రాష్ట్ర చరిత్రనే చూడుడు. బొంబాయి బట్టల మిల్లులలో వారపు సెలవన్నది లేని కాలమున, నారాయణ్ మేఘాజీ లోఖండే అను ఆయన కార్మికుల పక్షమున నిలిచెను. ఆయన జోతిరావు ఫూలే అనుచరుడు, సత్యశోధక్ సమాజమువాడు, దీనబంధు పత్రికను నడిపినవాడు. 1884 లో 5,500 మంది కార్మికుల సంతకములతో ఒక విన్నపము సమర్పింపబడెను. అందలి కోరికలలో మొదటిది ప్రతి ఆదివారము పూర్తి సెలవు. రెండవది మధ్యాహ్నము అరగంట విరామము. ఆరేండ్లు గడచినవి. 1890 ఏప్రిలు 24 న బొంబాయి మహాలక్ష్మి మైదానమున పదివేలమంది కార్మికులు సభ చేసిరి. ఇద్దరు స్త్రీలును ఆ సభలో మాట్లాడిరి. ఆ యేడు జూను 10 న మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు అంగీకరించెను. 1891 నాటి చట్టము వారపు సెలవును గుర్తించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దానిని దేశమంతట స్థిరపరచెను. ఈ ఊరి మిల్లులలో మగ్గములవద్ద నిలిచిన మీ తాతలకును ఆ సెలవు వచ్చినది ఇట్టి పోరాటముల ఫలముగానే. మిల్లు కార్మికునికి దక్కిన సెలవును, ఆయన మునిమనుమడైన పదవ తరగతి బాలునికి మేము లేకుండ చేసితిమి.

అంతదూర మెందులకు? శ్రావణ అమావాస్యనాడు ఇచ్చటివారు పోళా పండుగ చేయుదురు. మనవారు పొలాల అమావాస్య అందురు. ఆనాడు ఎద్దు మెడమీద కాడి పెట్టరు. దానిని కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టి, పూజించి తినిపింతురు. పని వెనుకబడినదని ఆనాడు ఎద్దును కట్టు రైతును మీరు చూచితిరా? ఎద్దునకు విశ్రాంతి యిచ్చు ధర్మము మోషే ఆజ్ఞలోనున్నట్లే మన పొలములందును ఉన్నది. నోరులేని పశువునకు ఇచ్చునదానిని నోరున్న బిడ్డకు ఇయ్యకుండుట న్యాయమా?

ఇప్పుడు మీ మనసులలోని మాటను మేము చెప్పెదము. "అయ్యా, కలిగినవారికి విశ్రాంతి చెల్లును. మేము కూలినాలి చేసికొనువారము. అందులోను పరభాషా రాష్ట్రమున ఉన్నవారము. ఒకటికి రెండింతలు కష్టపడకున్న మా పిల్లలు వెనుకబడరా?" అని మీరందురు. ఈ భయము అబద్ధము కాదు. 1956 నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి నాందేడు బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1 నుండి మహారాష్ట్రములో నున్నది. ఇల్లు కదలకయే మన పెద్దలు అల్పసంఖ్యాకులైరి. నాటినుండి మన పిల్లల తలమీద నాలుగు భాషల మూట ఉన్నది. తెలుగు ఇంటిభాష, మరాఠీ రాష్ట్రభాష, హిందీ దేశమంతట వినబడు భాష, ఆంగ్లము ఉద్యోగపు భాష. 2020 నాటి చట్టముతో రాష్ట్రమందలి అన్ని పాఠశాలలందును మరాఠీ బోధన తప్పనిసరి ఐనది. అది న్యాయమే. ఉన్నచోటి భాష రావలసినదే. కాని ఇతర పిల్లలకన్న మన పిల్లల మూట బరువైనదన్నమాట నిజము.

బరువు మోయువానికి దించుకొను చోటు ఎక్కువ కావలెనా, తక్కువ కావలెనా? పూర్వము బాటల ప్రక్కన బరువులు దించుకొనుటకు రాతి దిమ్మెలు కట్టించెడివారు. వట్టి చేతులతో నడచువానికి దానితో పని లేదు. మూట మోయువానికే అది కావలెను. దిమ్మెవద్ద నిలుచుటచే బాటసారి వెనుకబడెనని ఎవరును అనలేదు.

ఇక పేదవారికి విశ్రాంతి చెల్లదనుమాట. ఒంగోలువారి కథ మరల తలచుకొనుడు. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన క్షామము వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. పనికొరకు మతమున చేరిరను మాట రాకుండ, ఆ పని సాగినంత కాలము ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. పిదప 1878 జూలై 3 న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కుమంది రెక్కాడినగాని డొక్కాడనివారే. ఆ యేరు దాటి వచ్చినవారికి ఆదివారపు నియమము తప్పలేదు. ఏడింట ఒక నాటి కూలిని విడుచుట వారికి కడుపు నిండినవారి విలాసము కాదు. రేపటి గింజలు ఇచ్చువాడు దొర కాడు, దేవుడు అను నమ్మకమునకు వారు చెల్లించిన వెల అది. విశ్వాసమనగా ఇదియే యని మాకు తోచినది. నేను చేతులు ముడుచుకొన్నను లోకము నిలుచునని నమ్మి, ఒక దినము చేతులు ముడుచుకొనుట. పనియంతయు ముగిసినపిదప విశ్రమింతునన్నవాడు ఎన్నడును విశ్రమింపడు. పని ముగియదు గనుక.

మనకు లేనిది ఈ నమ్మకమే. బిడ్డను ఆదివారమున పుస్తకము ముందు కూర్చుండబెట్టునది చదువుపై ప్రేమ కాదు. భయము. మేమును భయముతోనే ఆ తరగతులు పెట్టితిమి. ఫలితములు తగ్గిన సంఘమువారేమందురో, పిల్లలను వేరు బడులకు తీసికొనిపోదురేమో అని భయపడితిమి. మా భయమును పిల్లల నిద్రతో తీర్చుకొంటిమి.

లెక్క చూడుడు. పదుమూడునుండి పదునెనిమిది యేండ్ల వయసువారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికను నిద్రావైద్యుల సంస్థ సూచించినది. మన పదవ తరగతి బాలుడు ఉదయము 5 గంటలకు లేచును. 6 గంటలకు ట్యూషను, పిదప బడి, సాయంకాలము మరల క్లాసులు, రాత్రి 11 గంటలు దాటువరకు ఇంటిపాఠము. నిద్రకు మిగిలినది ఆరు గంటలకు లోపు. ప్రతి రాత్రి రెండు గంటల అప్పు. ఆదివారముకూడ తీసికొన్నచో ఆ అప్పు తీరుట యెన్నడు? పగటి చదువు మనసులో కుదుటపడుటకు నిద్ర తోడ్పడునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నిద్ర తగ్గించి చదివించుట చిల్లికుండలో నీళ్లు పోయుట వంటిది.

ఇంకొక మాట తండ్రులకు ప్రత్యేకముగా. మోషే ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద అని పేరు పేరున చెప్పియుండుటకు కారణము కలదు. ఇంటి యజమాని విశ్రమించి, తక్కినవారిచే పని చేయించుట లోకమున సహజము. మన యిండ్లలో ఆదివారమనగా తల్లికి రెండింతల పని. అందరు ఇంటనుందురు. అందరికిని ఆలస్యముగా లేచి వేడివేడిగా తినవలెనని యుండును. వారమంతయు కూడబెట్టిన బట్టలు ఆనాడే ఉదుకవలెను. ఆమెకు ఏడవ దినమెక్కడ? కావున ఆదివారమున ఒక పూటైనను తండ్రియు, పిల్లలును వంటింటి పని చూచుకొని, ఆమెను కూర్చుండబెట్టుడు. కొడుకులు నేర్వవలసిన పాఠములలో ఇదియు ఒకటి. దీనికి మార్కులు లేవు గాని, జీవితాంతము అక్కరకు వచ్చును.

ఇక మా నిర్ణయములు. సంఘ కార్యవర్గముతో సంప్రదించి, వచ్చు సంవత్సరమునుండి ఆదివారములందు ఏ తరగతికిని పాఠములుండవని నిశ్చయించితిమి. శనివారమున సోమవారమునకు ఇంటిపాఠ మియ్యము. వెనుకబడిన పిల్లలకు సహాయము పని దినములందే, బడి వేళలలోనే ఏర్పాటు చేసెదము. అందుకు మేమును, సహోపాధ్యాయులును కాలపట్టికను మార్చుకొంటిమి. ఆదివారమున ఉపాధ్యాయులను బడిపనికొరకు పిలువము. మీనుండి మేము కోరునది ఒక్కటే. మేము విడిచిన ఆదివారమును మరియొక ట్యూషనుతో నింపకుడు. గుడికి పోవువారు గుడికి, గురుద్వారమునకు పోవువారు గురుద్వారమునకు, చర్చికి పోవువారు చర్చికి పిల్లలను వెంటబెట్టుకొని పొండు. ఎచ్చటికిని పోనివారు గోదావరి యొడ్డునకు నడువుడు. తాతమ్మలవద్ద కూర్చుండనిండు. వారి నోటినుండి వచ్చు తెలుగు ఏ పాఠ్యపుస్తకములోను లేదు.

కడపట, ఆ బాలుని సంగతి. అతడు ప్రథమస్థానమున వచ్చెనని చెప్పిన మీకు రుచించును. అట్లు జరుగలేదు. అందరివలె పరీక్ష వ్రాసెను, మధ్యరకపు మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. విశ్రాంతి తీసికొనిన మార్కులు పెరుగునని ఆశపెట్టుట మా ఉద్దేశము కాదు. అట్లు చెప్పినచో విశ్రాంతిని కూడ ఒక ట్యూషనుగా చేసినవారమగుదుము. మేము గమనించినది వేరు. ఫలితములు వచ్చిన దినమున పలువురు పిల్లలు, ఎక్కువ మార్కులు వచ్చినవారుకూడ, ఇక పుస్తకము ముట్టమని చెప్పి పోయిరి. ఆ బాలుడు మా గదికి వచ్చి, గ్రంథాలయమునుండి వేసవికి చదువుకొనుటకు ఏదైన పుస్తకమిత్తురా అని అడిగెను.

అందరి యెదుట గద్దించినందుకు అతనికి అప్పుడు క్షమాపణ చెప్పితిమి. ఆయన తండ్రికి చెప్పవలసినది మిగిలియున్నది. ఆయన ఈ సభలో, వెనుక వరుసలో కూర్చుండియున్నారు. పేరు చెప్పి ఆయనను ఇబ్బంది పెట్టము. అయ్యా, మీ పెద్దలు దెబ్బలు తిని సంపాదించిన దినమును మీరు మాకు ఊరక ఇయ్యకపోవుట మంచిదైనది. మీరు దానిని నిలుపుకొనుటవలన ఈ బడి పిల్లలందరికిని అది తిరిగి వచ్చినది.